పనిచేయవని రాసిన మానిటర్లు

గణేష్‌బాబు ప్లైవుడ్‌తో వీడియోగేముల పెట్టె చేసి నెల దాటింది. జాయ్‌స్టిక్కులు, బటన్లు బిగించాడు గానీ అందులో పెట్టడానికి పాతకాలపు లావు మానిటర్ దొరకలేదు. చిన్నప్పటి గేములు పల్చటి తెర మీద బాగోవని అతని పట్టుదల. పెద్దాపురంలో పల్లంరాజు అనే ఆయన పాతసామాన్ల గోడౌన్‌లో పదిహేను ఉన్నాయని తెలిసి, ఆదివారం పొద్దున్నే అక్క వెంకటదుర్గను తీసుకుని వెళ్లాడు. వాటి మంచీచెడ్డా ఆవిడకే తెలుసు. కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు కంప్యూటర్ ల్యాబ్ నడిపింది.

ఆ ల్యాబ్ మూసేసి నాలుగేళ్లయింది. ఆవిడ వేసవి సెలవుల్లో ఊళ్లో లేనప్పుడు, మానిటర్లన్నీ పాడైపోయాయని టెక్నీషియన్ శ్యాంబాబు సర్టిఫికెట్ రాసిచ్చాడు. ల్యాబే లేనప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఎందుకని ఆవిడను తీసేశారు. సరిగ్గా చూసుకోకే పాడుచేసిందని తోటి టీచర్లు కూడా అనుకున్నారు. ఇప్పుడు బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చుంటోంది.

గోడౌన్‌లో మొదటి మానిటర్ దుమ్ము తుడిచి లాప్‌టాప్‌కి తగిలించింది. పది నిమిషాలు వేడెక్కనిచ్చి, తెరంతా తెల్లగా పెట్టి మూలల్లో రంగు మరకలున్నాయేమో చూసింది. గళ్లు వేసి గీతలు వంకరపోలేదని చూసుకుంది. బాగుంది. వైరు తీద్దామని వెనక్కి తిప్పితే తెల్ల పెయింటుతో ఏడు అంకె. తను వేసినదే.

మిగతావన్నీ తిప్పి చూసింది. ఒకటి నుంచి పదిహేను వరకూ అన్నీ ఆవిడ ల్యాబ్‌వే. స్కూల్ వ్యాన్‌లో వచ్చాయని, శ్యాంబాబే దగ్గరుండి దింపించాడని పల్లంరాజు చెప్పాడు.

నాకొకటి చాలక్కా అని గణేష్‌బాబు అన్నా ఆవిడ ఆగలేదు. ఒక్కొక్కటీ వెలిగించింది. పద్నాలుగింటిలో బొమ్మ వచ్చింది. పదకొండో నంబరు ఒక్కటే రాలేదు. అది తను ఉన్నప్పుడే పోయింది, రిజిస్టర్‌లో తనే రాసింది.

ఏడో నంబరు మానిటర్‌ని తమ్ముడి కారులో పెట్టించుకుని తిన్నగా కాకినాడలో శ్యాంబాబు రిపేర్ షాపుకి వెళ్లింది. అతని టేబుల్ మీదే పెట్టి స్విచ్ వేసింది.

"బొమ్మ కనిపిస్తోందా శ్యాంబాబు గారూ?"

"కనిపిస్తోందండి."

"మరి రాదని ఎలా రాశారు?"

అతను తల దించుకున్నాడు. "నేను స్విచ్ కూడా వెయ్యలేదండి. ఆ గది ఆఫీసుకి కావాలి, రాసిమ్మని కరస్పాండెంట్ గారన్నారు. మీ ఉద్యోగం పోద్దని నాకు తెలీదండి."

"తెలిశాకైనా ఓ మాట చెప్పచ్చు కదండీ. నాలుగేళ్లూ మీ షాపు ముందునుంచే కదా నేను పనికెళ్లింది."

అతను టీ తెప్పిస్తానన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద పెట్టమంది. స్కూలు పని పోతుందని అతను కాసేపు నసిగాడు. ఆవిడ కదలకుండా నిలబడేసరికి చివరికి రాసి సంతకం చేశాడు.

సోమవారం షాపుకి సెలవు పెట్టి, ఆ కాగితానికి జిరాక్సులు తీయించుకుని స్కూలుకి వెళ్లింది. కరస్పాండెంట్ కాగితం చదివి, పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా, కావాలంటే చిన్న క్లాసులకి రెండు పీరియడ్లు ఇస్తానన్నాడు.

"నేను పనికోసం రాలేదండి. నేను పాడుచెయ్యలేదని మీ టీచర్లకి మీరే చెప్పండి."

ఆయన ఒప్పుకోలేదు. భోజనాల వేళ ఆవిడే స్టాఫ్ రూంలోకి వెళ్లి ఆ కాగితం పైకి చదివింది. ఎవరూ ముద్ద ఎత్తలేదు. లెక్కల టీచర్ సూర్యకళ లేచి వచ్చి ఒక జిరాక్స్ తీసుకుని నోటీసుబోర్డుకి గుచ్చింది.

సాయంత్రానికల్లా దాన్ని చింపేశారని సూర్యకళే ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు వెంకటదుర్గ ఇంకో జిరాక్స్‌కి ఫిర్యాదు జతచేసి జిల్లా విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంది. ఇంటికి వెళ్లే బస్సులో కూర్చున్నాక కూడా ఆవిడకి ఒళ్లు మండుతూనే ఉంది.