ఊరికే పడుండే కట్టె

పొద్దున సంధ్య దోసెలు పోస్తుంటే శశిధర్ పళ్లెం ముందు కూర్చుని నవ్వాడు. "పత్తికట్టె లెక్కబెట్టేదానికి ఎమ్మెస్సీ ఎందుకే? వేళ్లు మడిచేది వస్తే సాలదా?" ఆమె ఇంకో దోసె వేసింది. ఆ ఇంట్లో మొగుడి హాస్యానికి జవాబు దోసే.

ఆళ్లగడ్డ దగ్గర ఒక ఫ్యాక్టరీ రాబోతోంది. పొలాల్లో మిగిలే పత్తికట్టె, కందికట్టె నుంచి ఇథనాలూ, రసాయనాలూ తీస్తారట. దానివల్ల ఊళ్లకు మేలెంతో కీడెంతో తేల్చే పని నంద్యాలలో సంధ్య పనిచేసే ఆఫీసుది. తన పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కాబట్టి, ఉద్యోగం ఎక్కడ పోతుందోనని చెప్పిన పని చెప్పినట్టే చేసింది. అరవై ఇళ్లు తిరిగింది. అరుగు మీది మగవాళ్లందరిదీ ఒకటే మాట: "ఊరికే పడుంటాది మేడం, తీస్కపోండి." కట్టె మొత్తం మిగులే, ఎవరికీ నష్టం లేదని రాసుకుంది.

నిన్న సాయంత్రం తిరిగొస్తుంటే, నెత్తిన కట్టెమోపుతో సువార్తమ్మ అనే కూలీ ఎదురైంది.

"ఈ కట్టె మీరు తీస్కపోతే నేనేం జేయాల? పొయ్యిలో కాళ్లు పెట్టుకోవాల్నా?"

"గ్యాసు ఉంది కదమ్మా?"

"ఉండాది, సుట్టాలొస్తే టీ పెట్టేకి."

"మీ ఇంట్లో అడిగితే ఈ మాట చెప్పలేదే!"

"ఎవుర్నడిగితివి? మా ఆయప్పకు పొయ్యి యాడుందో తెల్సునా?"

బస్సెక్కినా ఆ మాట వదల్లేదు. పాప పుట్టాక రెండేళ్లు ఉద్యోగం మాని, మంచాన పడిన అత్తకు పక్కబట్టలు మార్చి, ఇద్దరికీ గోరుముద్దలు తినిపించిన రోజుల్లో, నీ భార్య ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే శశిధర్ "ఊరికే ఇంట్లో ఉంటాది" అనేవాడు. ఆ మాటకు వంటింట్లో కళ్లు తుడుచుకున్న తనే, అదే మాటను అరవై ఇళ్లలో విని, తలూపి, అంకె వేసుకుని వచ్చింది. సంధ్యకు మొగుడి మీద కాదు, తన మీద తనకే కోపమొచ్చింది.

ఇవాళ ఆఫీసుకు వెళ్లగానే పై అధికారి విజయభాస్కర్ ఆమె అంకెలతో సిద్ధమైన నివేదికను ముందుకు తోశాడు. "సంతకం పెట్టమ్మా, మధ్యాహ్నానికి పంపాల."

"తప్పుంది సార్. కట్టె వాడేవాళ్లను అడగనేలేదు."

"ఆడోళ్లకేం తెలుస్తాది?"

"అడిగితే కదా సార్, తెలిసేది."

"ఈ నెలతో నీ కాంట్రాక్టు అయిపోతాది. గుర్తుండాదా?"

"ఉంది సార్. వారంలో సరిచేసి తెస్తా. అప్పుడు పెడతా సంతకం."

ఖాళీ ఫారాల కట్టతో ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. పెన్ను తీసింది. ప్రతి కాగితం మీదా 'ఇంటి యజమాని పేరు' అన్న అచ్చును కొట్టేసి, పైన రాసుకుంటూ పోయింది: 'పొయ్యి వెలిగించేవారి పేరు'.