నూనె రాసిన మంచు పూలు

మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ముందుగది కిటికీలో పదకొండు మంచు పూలకు రెండే మిగిలాయి. తొమ్మిది విడిపోయి నేల మీద పడి ఉన్నాయి.

అవి మంచు రేణువుల్లా ఆరు వైపులా విచ్చుకునేలా నట్లతో చేసిన పూలు. మధ్యలో ఒక నట్టు, దాని ఆరు అంచులకు ఆరు నట్లు గమ్ముతో అతికించి, దారంతో కిటికీకి కట్టారు. ఈ పని చలికాలపు ముస్తాబు కోసం మొదలైంది కాదు. ఇంటిపెద్ద అయిన మెకానిక్‌కు నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వీధి చివర ఆయన స్కూటర్ల షాపు అప్పటి నుంచి మూసే ఉంది. తాళంచెవి కోడలి సంచిలో ఉంది. ఆమె సిటీబస్సు కండక్టర్.

వేళ్లు కదలడానికి గింజలు ఏరమని డాక్టర్ చెప్పాడు. "ఏరడానికి నేనేమన్నా పావురాన్నా?" అని మెకానిక్ మొండికేశాడు. కోడలు షాపులో మిగిలిపోయిన నట్ల డబ్బా తెచ్చింది. రెండు పూలు చేసి చూపించి షరతు పెట్టింది.

"ఈ రెండూ కలుపుకుని బుధవారానికల్లా డజను పూలు కావాలి మామయ్యా. కుడిచేత్తోనే. చేశారా, తాళంచెవి మీది. లేదంటే గురువారం వచ్చే మనిషికి షాపు అద్దెకిచ్చేద్దాం."

ఇప్పుడామె నేల మీది నట్లు ఏరి డబ్బాలో వేసింది. అరవై మూడు. వేళ్లకు జిడ్డు అంటింది.

"నావి రెండూ ఊడలేదు. మీవన్నీ ఊడాయి. వీటికి నూనె ఎవరు రాశారు?"

"నేనే. నట్టు ఊరికే ఉంటే తుప్పు పట్టదూ?"

"నూనె మీద గమ్ము నిలుస్తుందా? నలభై ఏళ్ల మెకానిక్కు నేను చెప్పాలా!"

"అలవాటమ్మా. నట్టు కనిపిస్తే గుడ్డ చేతికొస్తుంది."

"ఏ చేతికి?"

మెకానిక్ నట్ల డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. "చూడమ్మా, అతికించింది ఎడమచేత్తో. కుడిచేత్తో పడితే జారిపోతున్నాయి."

"కిటికీకి అనుకున్నాను. పూలు నా చెవిలో పెట్టారన్నమాట! నేనడిగింది అది కాదు. నూనె ఏ చేత్తో రాశారు?"

ఆయన డబ్బాలోంచి ఒక నట్టు తీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. గుడ్డ కొసను దాని బెజ్జంలో దూర్చి తిప్పాడు. తిప్పింది కుడిచెయ్యి. ఆయన చెయ్యి ఆపి దానివైపు చూశాడు.

కోడలు సంచిలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ఆమెవైపు నెట్టాడు.

"డజను అన్నావు. మాటంటే మాటే."

నట్లను సబ్బునీళ్లలో కడిగి ఎండలో ఆరబెట్టారు. బుధవారం ఆమె సెలవు పెట్టి ఎదురుగా కూర్చుంది. మొదటి గంటలో ఆయన కుడిచేతి నుంచి నట్లు పద్నాలుగుసార్లు జారాయి.

"చేతివైపు చూడకండి మామయ్యా. ఏదైనా చెప్పండి. స్కూటర్ పొద్దున్నే ఎందుకు స్టార్టవదు?"

"ఎన్ని కారణాలున్నాయో తెలుసా నీకు?"

"సాయంత్రం దాకా ఖాళీయే."

ఆయన ప్లగ్గుతో మొదలుపెట్టాడు. పెట్రోలు పైపు దగ్గరికి వచ్చేసరికి మూడు పూలయ్యాయి. సాయంత్రం ఐదున్నరకు పన్నెండో పువ్వు కిటికీకెక్కింది. రాత్రి ఒక్కటీ ఊడలేదు.

గురువారం ఉదయం తొమ్మిదింటికి మెకానిక్ షాపు ముందు వంగి తాళంచెవి పెట్టాడు. అది జారి మెట్టు మీద పడింది. కోడలు వంగబోతే ఎడమచేత్తో వారించి, కుడిచేత్తో తీసుకున్నాడు. రెండోసారి తాళం తిరిగింది. షట్టరు ఇద్దరూ కలిసి ఎత్తారు.

అద్దెకు అడగడానికి వచ్చిన మనిషి పదిన్నరకు స్కూటర్ బ్రేకు బిగింపించుకుని వెళ్లాడు.