పెట్టెలో రోహిణి ఎండ

ముసురు పట్టిందంటే చాలు, పెడనలో సరోజిని వాకిట్లో ఆడవాళ్లు చేరేవారు. ఆవిడ కలంకారీ గుడ్డలు కాలువలో జాడించి గట్టున ఆరేసే మనిషి. ఆవిడ ఆరేసిన గుడ్డలో ఎండ నిలవ ఉండిపోయేది. మడత విప్పితే మళ్లీ కాసేది. బాలింతలకి కార్తీకం ఎండ, అప్పడాలకి మాఘం ఎండ ఇచ్చేది. మజ్జిగ తోడుకి వచ్చినట్టు వచ్చి పట్టుకెళ్లేవారు, పనయ్యాక మడతపెట్టి తెచ్చిచ్చేవారు. రోహిణీకార్తెలో ఆరేసినవి మాత్రం ట్రంకుపెట్టె అడుగునే ఉండేవి. వాటి చురుకు భరించలేక ఎవరూ అడిగేవారు కాదు.

ఆవిడ కూతురు తనూజని కోడూరులో ఇచ్చారు. అక్కడ తను ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డులో మిరపనారు పెంచేది. నారు లేతగా, చూడముచ్చటగా లేచేది. సరిగ్గా రైతులు వచ్చే వేళకి తామరపురుగు చేరి ఆకులన్నీ ముడుచుకుపోయేవి. ఏ మందు కొట్టినా ఆగేది కాదు.

"ఈసారీ ముడత వస్తే షెడ్డు పీకించి రొయ్యల చెరువు తవ్విస్తానమ్మాయ్," అన్నాడు మామగారు కోదండరామయ్య. "రొయ్య పుట్టడమే ముడుచుకుని పుడుతుంది. దానికి కొత్తగా వచ్చే ముడత లేదు."

ఆయన అన్నాడంటే చేస్తాడు. పొద్దున వాన రాదని తనే చెప్పాడు కాబట్టి, సాయంత్రం గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ ఇంటికొచ్చిన మనిషి.

భాద్రపదంలో ఆయన సరదాపడి బూడిదగుమ్మడి వడియాలకి పిండి రుబ్బించాడు. రుబ్బడం పూర్తవగానే ముసురు పట్టుకుంది. ఆకాశాన్ని నాలుగు తిట్లు తిట్టి పెడనకి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, వడియాలకో ఎండ కావాలి."

"తెస్తానండీ అన్నయ్యగారూ. నేనొచ్చేలోపు పిండి రుచి చూసి చూసి అవగొట్టకండి."

సరోజిని బస్సు దిగి వచ్చింది. చినుకు పడకుండా గుడ్డ కట్టేంత చోటు షెడ్డులోనే ఉంది. చివరి వరస నారు పైన గుడ్డ నాలుగు కొసలూ రాటలకి కట్టి, దాని మీద వడియాలు పెట్టింది. ఎండ పైకీ కిందకీ కూడా కాసింది. మధ్యాహ్నానికే వడియాలు రాళ్లయ్యాయి. పచ్చిగా ఉన్నాయేమోనని వంగి చూసిన కోదండరామయ్య బట్టతల కమిలింది.

"అయ్యో, మామిడిపిందెల అచ్చు చూసి మాఘం అనుకున్నాను. ఇది రోహిణిది," అంది సరోజిని.

"ఉండనీ. చల్లమిరపకాయలు కూడా ఎండుతాయి," అన్నాడాయన.

అవీ ఎండాయి. గుడ్డ తీసి చూస్తే కింద వరస నారు పొట్టిగా, ముదురు రంగులో, కాడలు ఊదాగా ఉంది.

"నా వడియాలు ఎండబెట్టి నీ నారు మాడ్చింది మీ అమ్మ," అన్నాడు కోదండరామయ్య.

పీకేద్దామని వంగిన తనూజ, అలవాటు కొద్దీ ఒక మొక్కని అరచేతిలోకి దులిపింది. ఏమీ రాలలేదు. పక్క వరసలోది దులిపింది. అరచేయంతా సన్నటి పురుగు పాకింది.

"అమ్మా, ఒకసారి రా."

సరోజిని రెండు వరసల్లోంచీ ఒక్కో ఆకు తుంచి నమిలింది. పక్క వరసది చప్పగా ఉందని ఉమ్మేసింది. గుడ్డ కింద పెరిగినదానికి మొహం చిట్లించింది. "ఇది మా కరక్కాయలాగా వగరే. కరక్కాయ పట్టని గుడ్డకి రంగు నిలవదు. ఆకూ అంతే కాబోలు."

"బావి దగ్గర బయట పెరిగిన మిరపచెట్టుకి ఏనాడూ ముడత రాలేదు," అంది తనూజ మెల్లగా. "ఈ ప్లాస్టిక్ వెలుతురుని రానిచ్చి చురుకుని ఆపేస్తోందమ్మా. చురుకు తగిలితేనే ఆకు గట్టిపడుతోంది."

పెడన నుంచి ట్రంకుపెట్టె బస్సెక్కి వచ్చింది. రోజూ పొద్దున్నే ఒక్కో వరస మీదా రోహిణి గుడ్డ కాసేపు కట్టి, మాడకముందే మడిచేవారు. కోదండరామయ్య నెత్తిన తుండు వేసుకుని కొసలు పట్టుకునేవాడు. పట్టుకుంటూనే, ఇదంతా దండగ అనేవాడు.

ముసురు వెలిశాక, చెరువు తవ్వడానికి ఆయన ముందే చెప్పి ఉంచిన పొక్లెయిన్ తోలుకుంటూ డ్రైవరు అబ్బులు వచ్చేశాడు.

"షెడ్డు పీకేసి మొదలెట్టమంటారా బాబాయ్?"

కోదండరామయ్య షెడ్డులోకి వెళ్లాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు కళ్లజోడు ముక్కు మీద ఉంది, గుప్పిట మూసి ఉంది.

"చెరువు తవ్విస్తానన్నాను. తవ్వాల్సిందే."

ఆయన షెడ్డు దాటి, కొబ్బరిచెట్ల అవతల మూలకి నడిచి, కర్రతో మంచమంత గీత గీశాడు.

"ఇక్కడ తవ్వరా."

"ఇందులో రొయ్యలేం పడతాయి బాబాయ్?"

"రొయ్యలెవడిక్కావాలి? చెల్లెమ్మ గుడ్డలు జాడించుకోవద్దూ?"

వెళ్తూ వెళ్తూ కోడలి ముందు గుప్పిట విప్పాడు. నారు దులిపి చూసిన ఆ అరచేతిలో ఒక్క పురుగూ లేదు.

మళ్లీ రోహిణీకార్తె వచ్చేసరికి ఆ గుంట గట్టంతా గుడ్డలే. కోదండరామయ్య తుండు కప్పుకుని వాటికి కాపలా కూర్చున్నాడు, మబ్బు గానీ వస్తే తిట్టడానికి.