ఆవణికి జరిపిన కంప్యూటరు

మా గోవిందమ్మాళ్ అత్త కోవిల్పట్టిలో కొత్తగా తెరిచిన బ్రౌజింగ్ సెంటరులో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. అదీ మొండికేసింది. విరుదునగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే నాకు మధ్యాహ్నం రెండింటికి అత్త కూతురు, నా మరదలు ప్రియా ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"వదినా, వ్యవసాయ కాలేజీ సైటు తెరిస్తే సురక్షితం కాదంటా ఉండాది. అయిదింటికి గడువు అయిపోతాది. ఫోన్లో అయితే ఫారమే రాలే."

"పక్క సెంటరుకు పోరాదా?"

"మన షాపు పెట్టుకోని ఇంకో షాపుకు పోతే మానము పోతాదంట. అమ్మ పోనియ్యలే."

బ్రౌజర్ పాతదేమో, వెర్షన్ చదవమన్నాను. చదివింది. నా దగ్గరున్నదానికంటే కొత్తది! అత్త మీద ఒళ్లు మండింది గానీ, ఆ కాలేజీ కోసం పిల్ల రెండేళ్లుగా కలవరిస్తోంది. బస్సెక్కాను.

నాలుగున్నరకు షాపులో అడుగుపెట్టి తెర మూలన తేదీ చూశాను. ఆగస్టు ముప్పై. లోకమంతా ఇంకా జూలై ముప్పైలోనే ఉంది. ఆ తప్పుడు తేదీని నమ్మి, సైటు భద్రతా పత్రానికి కాలం చెల్లిందని బ్రౌజర్ తలుపు మూసేసింది. గోడ మీది దినసరి క్యాలెండరులోనూ ఆగస్టు ముప్పయ్యే. నెల రోజుల కాగితాలు ఎవరో చింపేశారు.

"ఎవరి పని ఇది?"

అత్త చెంగు సర్దుకుంది. "నాదే. షాపు ఆడిలోనే గదా దొరికె! ఆడిలో యాపారము మొదులుపెడితే బాగుపడుతాదా సుదా? ఆవణిలో తెరిచినట్టు ఉండనీ అని మిషను బిగించినవానితో మార్పించినాను."

మా తమిళనాడులో ఆడి నెల అంటే మీ ఆషాఢం లాంటిదే, శుభకార్యాలకు పనికిరాదు. తర్వాతి నెల ఆవణి మంచిది. దేవుడి కళ్లకు గంతలు కట్టబోయి మా అత్త బ్రౌజర్‌కు దొరికిపోయింది.

తేదీ సరిచేశాను. సైటు తెరుచుకుంది. ప్రియా గబగబా అన్నీ నింపి చివరి బటన్ దాకా వచ్చేసరికి అయిదుకు ఏడు నిమిషాలుంది. అత్త ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్ల ఆడికే తెస్తివే! బిడ్డ చదువు ఆడిలోనా మొదులుపెట్టేది? వద్దు తల్లీ."

"ఏడు నిమిషాల్లో ఆవణి రాదత్తా!" అని అరిచాను. పెద్దామె అని కూడా చూడలేదు.

ప్రియా అరవలేదు. "అమ్మా, విత్తు వేసేదానికి ఏ నెల వెతకాలని మన పెద్దోళ్లు చెప్పినారు?"

"ఆడి," అంది అత్త, ఆలోచించకుండానే.

"నేను చదవబోయేది సేద్యము కదమ్మా?"

అత్త గోడ వైపు చూసింది, నా వైపు చూసింది. కూతురి చెయ్యి వదల్లేదు. ఆ చేతిని అట్లాగే మౌస్ మీద నొక్కింది.

దరఖాస్తు అందిందని తెర మీద వచ్చింది. నా కోపం ఎటు పోయిందో, కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త కుర్చీలో కూలబడి, కూతురి తల నిమిరింది.

"విత్తు నేను వేసినాను. మొలిపించేది నీ పని."