చొక్కా అంచుతో తుడిచిన లెన్సు

"సాయంత్రం మా ఫొటోగ్రాఫర్ల క్లబ్బులో నా ప్రసంగం. పెద్ద తెర మీద నా గ్రూపు ఫొటోలు చూపించాలి. ఆ మచ్చలు కాస్త తీసేసి ఓ పది ఇందులో ఎక్కించు, రెండు నిమిషాల పనేగా," అని పెన్‌డ్రైవ్ భార్య ముందు బల్ల మీద పడేసి ఆయనగారు స్నానానికి బయల్దేరారు. ఆయన నోట రెండు నిమిషాలంటే ఆమెకు ఓ పూట గడిచిపోతుంది.

ఎండకు ఎదురు నిలబడి ఫొటోలు తీయడం ఆయనకు సరదా. అదేమంటే శైలి అంటారు. లెన్సు తుడవడానికి కొన్న మెత్తటి గుడ్డ ఇప్పటికీ మడత విప్పకుండా సంచిలోనే ఉంది. చొక్కా అంచు ఉండగా గుడ్డ దేనికి? చొక్కా చెమట లెన్సుకు అంటి, ఆ మరక మీద ఎండ పడి ఫొటో అంతా తెల్లగా మసకేస్తుంది, ఓ మూల ఆకుపచ్చ చుక్క వాలుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పెప్పుడూ సూర్యుడిదే. చుక్క గడ్డి మీద వాలితే పక్కనున్న గడ్డి తెచ్చి కప్పేయొచ్చు. మనిషి ముఖం మీద వాలిందంటే ఆమె పని అయిపోయినట్టే. ఒకరి చెంప ఇంకొకరికి అతకదు. అదే మనిషిని మరో ఫొటోలో వెతికి, ఆ ముఖం తెచ్చి, మెడ దగ్గర రంగు కలిసేదాకా కళ్లు కాయలు కాయాల్సిందే.

ఇంత చేయించుకుని, ఇంటికొచ్చిన వాళ్లతో ఏమంటారు? "నేను ఎడిటింగ్ ముట్టను సార్. కెమెరాలోంచి ఎలా వస్తే అలాగే!" నిజమే, ఆయన ముట్టరు. సొమ్మొకడిది సోకొకడిది. "మరి మీ ఆవిడ ఎప్పుడూ కంప్యూటర్ ముందే ఉంటారే?" అని మొన్నొకాయన అడిగితే, "ఏవో బొమ్మలు చూసుకుంటుంది లెండి, కాలక్షేపం," అన్నారు. ఆమె టీ కప్పు అందించి, చక్కెర సరిపోయిందా అని అడిగింది. కోపం కూడా రాలేదు. ఇప్పుడు ఆయనంటే ఆమెకు మిగిలింది ఒట్టి చులకనే.

చుక్క ఒకసారి ఆమె ముఖం మీదా వాలింది. ఇంటిల్లిపాదీ పార్కుకు వెళ్లినప్పుడు అందరినీ వరసలో నిలబెట్టి, అత్తగారి కొంగు సర్దింది ఆమే. కెమెరాకు టైమర్ పెట్టిన ఆయన పరుగున వచ్చి మధ్యలో చేరాక, మిగిలిన చోటు చివరన కనక ఆమె అక్కడ నిలబడింది. తర్వాత ఆ ఫొటోను తెర మీద చూసి అత్తగారు తేల్చేశారు: "ఆ చివరున్నది నువ్వేగా అమ్మాయ్? ఆ ముక్క కోసేయరాదూ, మచ్చా పోతుంది, నీకూ పని తప్పుతుంది!"

"అమ్మ చెప్పింది బానే ఉంది. ఫ్రేమ్ కూడా బిగువుగా ఉంటుంది," అన్నారు ఆయనగారు.

కోసింది. తన చేత్తోనే. ఆ ఫొటో హాల్లో వేలాడుతోంది. చూసినవాళ్లంతా నిండు కుటుంబం అంటారు.

స్నానాలగదిలోంచి కేక వినిపించింది: "వింటున్నావా! ఎడిటింగ్ లేని ఫొటోలని క్లబ్బువాళ్లు ఆహ్వాన కార్డు మీద వేయించారు. బాగా తీర్చిదిద్దు, పరువు పోకుండా!"

ఆ రెండు వాక్యాలు పక్కపక్కనే అన్నందుకు ఆయనకు సిగ్గైనా వేయలేదు. ఆమెకు నవ్వొచ్చింది. కంప్యూటర్లో ఆయన తీసిన అసలు ఫొటోలు విడిగా ఉన్నాయి, మసకలతో, చుక్కలతో సహా. వాటిలోంచి తొమ్మిది ఏరి పెన్‌డ్రైవ్‌లో వేసింది. పదోదిగా పార్కు ఫొటో వేసింది, కోయనిది. చివరన ఆమె నిలబడి ఉంది, చెంప మీద ఆకుపచ్చ చుక్కతో.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నారు. తెరిచి చూడలేదు. ఎన్నడు చూశారు గనక!

"అప్పుడే అయిపోయిందా?"

"అయింది. మీరన్నట్టు రెండు నిమిషాల పనే," అని ఆమె కంప్యూటర్ కట్టేసింది.