మాయ పంపిన కబురు

చిలకలూరిపేట జిన్నింగు మిల్లు గేటు దగ్గర మౌలాలీ కర్ర పట్టుకుని కూర్చున్నాడంటే, చీటీ లేకుండా దూదిపింజ కూడా బయటికి పోదు. మిల్లులో ఎలుకలు పట్టే పిల్లికి సైతం చీటీ రాయించాకే దారి వదిలాడు.

అంతటి మనిషి ఆ రోజు నరసరావుపేట ఆసుపత్రి వరండాలో, మూత పెట్టిన బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఉన్నది కూతురు గౌసియా కాన్పులో పడిన మాయ. దాన్ని ముక్క పోకుండా మట్టిలో పూడ్చడం తాతగా అతని పని. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. గుప్పెడంత ఉంది, అద్దాలపెట్టెలో ఊపిరి తీస్తోంది. అంతకుముందు ఇద్దరు కడుపులోనే పోయారు.

"దీని ఒళ్లే బిడ్డల్ని మింగుద్ది" అని వియ్యపురాలు ఖాతూన్ బీ వరండా అంతా వినేట్టు అంటోంది.

డాక్టరు లిఖిత వచ్చి, "తాతా, ఆ మాయలో బొటనవేలంత ముక్క కావాలి. పరీక్షకు పంపుతాం. గౌసియా ఒప్పుకుంది" అంది.

"ముక్క కోస్తే పిల్లదానికి ఆయుష్షు తగ్గుద్ది" అని అడ్డుపడింది ఖాతూన్ బీ.

మౌలాలీ బకెట్టును ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "చీటీ ఏదమ్మా?"

లిఖిత నవ్వి పక్కనే కూర్చుంది. "గేటు దగ్గరికి కొత్త మొహం వస్తే ఏం చేస్తారు?"

"కర్ర అడ్డం పెడతా. ఓసారి ఓనరు అల్లుణ్నే ఎండలో నిలబెట్టా. ఆఫీసు నుంచి ఫోనొచ్చాకే వదిలా."

"కడుపులో బిడ్డ కూడా సగం తండ్రి అంశే. తల్లి ఒంట్లోని కాపలా కణాలకు కొత్త మొహం. 'మనవాళ్లే, ఊరుకోండి' అని కబురు పంపేది ఈ మాయే. ఆ కబుర్లు చిన్న చిన్న రసాయనాలు, సైటోకైన్లంటారు. కొన్ని ఊరుకోమంటాయి, కొన్ని ఎగబడమంటాయి. ఇక్కడ లెక్క తప్పిందేమోనని నా అనుమానం."

మౌలాలీ బకెట్టు మూత వైపు చూశాడు. "అంటే ఫోను రాలేదు. కర్ర లేపినోడిది తప్పు కాదు."

"మిల్లుది అసలే కాదు" అంది లిఖిత, గౌసియా ఉన్న గది వైపు చూసి.

లోపల మంచం మీద నుంచి గౌసియా గొంతు వినిపించింది. "ఇచ్చెయ్ నాయనా. నాకు తెలియాల."

మౌలాలీ వియ్యపురాలి వైపు వంగాడు. "వదినా, ఎవురితో అనమాక. పోయినేడు దూది బేళ్ల లారీ నా గేట్లోంచే చీటీ లేకుండా పోయింది. నేనే లేచి సలాం కొట్టి పంపా. ఇక ఈ ముక్క దగ్గర నా జబర్దస్తీ ఏంది?" అని మూత తీశాడు.

మిగిలినదాన్ని సాయంత్రం పూడ్చాడు. బిడ్డ అద్దాలపెట్టె దాటి ఇంటికొచ్చింది. పరీక్ష ఫలితం వచ్చిన రోజు లిఖిత అందర్నీ పిలిచింది. మాయలో కాపలా కణాలు గుంపు కట్టి ఉన్నాయట, ఎగబడమనే కబుర్లే ఎక్కువట.

"ముందు పోయిన ఇద్దరికీ ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ ఇది గౌసియా చేసుకున్నది కాదు. మళ్లీ నెల తప్పితే మొదట్నుంచీ మందులతో కాపాడే ప్రయత్నం చేద్దాం."

ఖాతూన్ బీ బయటికొచ్చాక కోడలి చేతిలోని సంచి లాక్కుంది. "ఇటివ్వవే. పచ్చి ఒళ్లు, బరువులు మొయ్యమాక."

లారీ పోయిన మాట నిజం. సలామూ నిజమే. పిల్లికి చీటీ రాయించిన సంగతి మాత్రం ఈ కథ చెప్పే నేను కల్పించాను. ఆ మిల్లులో ఎలుకలే గానీ పిల్లి ఎన్నడూ లేదు.