ఎండ చూడని మందు

పని వేళల్లో అత్తయ్య నాకు ఫోను చేయదు. చేసిందంటే కొంప మునిగిందనే అర్థం.

"ఉన్నపళంగా బయల్దేరి రా. పిల్ల మొహం ఒకవైపంతా పొంగిపోయింది."

"ఒకవైపేమిటి? ఏం తిన్నది?"

"తినలేదే తల్లీ, రాసుకుంది. ఫ్రిజ్‌లో నువ్వు పెట్టిన సీసా!"

పనక్కడే వదిలేసి బయటపడ్డాను.

ఆ సీసాలో ఏముందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మొహానికి రాసుకునే క్రీములు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. అది ఒక తీగ వేరు నుంచి తీసిన సారం. కోసిన ఆపిల్ ముక్కకి పూస్తే సాయంత్రం దాకా రంగు మారదు. గాలి తగిలి పాడవకుండా కాపాడే గుణం ఒకటి, చర్మంలో నలుపు ఊరకుండా అడ్డుపడే గుణం ఇంకొకటి. రెండూ ఒకే వేరులో దొరికాయని మా మేనేజరు నేలమీద నడవడం మానేశాడు. నేనేం తక్కువ తిన్నానా? మోచేతి లోపలివైపు నెల్లాళ్ళు రాసుకుని చూసుకున్నాను. దద్దురు లేదు, దురద లేదు. ఆ ధీమాతోనే, బయటికి తేకూడదని తెలిసి కూడా, సీసా ఇంటికి తెచ్చి పాల గిన్నె పక్కన పెట్టాను.

బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. కంట్లోకి పోయిందా? మచ్చ పడుతుందా? సగం దారిలో తట్టింది. నా చెయ్యి పొద్దస్తమానం పొడుగు చేతుల కోటులోనే ఉంటుంది. అది ఎండ మొహం చూసిన పాపాన పోలేదు. కొన్ని మొక్కల సారాలు నీడలో సాధువులు, ఎండ తగిలితే నిప్పులు. ఇది చదువుకున్నదాన్నే. "ఎండ పరీక్ష తర్వాత చూద్దాంలే" అని మేనేజరంటే గంగిరెద్దులా తలూపింది కూడా నేనే. నా కూతురేమో రోజూ పొద్దున్నే మైదానంలో పరుగు సాధన చేస్తుంది. ఛీ, తగలెయ్యనా నా చదువు!

ఇంటికి వెళ్ళేసరికి పిల్ల తడిగుడ్డ అదుముకుని కుర్చీలో కూర్చుని ఉంది. గుడ్డ తీశాను. ఎడమ చెంప ఎర్రగా కమిలి బొబ్బలెక్కింది. కనురెప్ప వాచి మూసుకుపోతోంది. కుడివైపు మాత్రం ఎప్పటిలాగే నల్లగా నిగనిగలాడుతోంది.

"కన్ను కనిపిస్తోందా? ఇవి ఎన్ని వేళ్ళు?"

"మూడు. అరవకమ్మా."

"అయినా సగమే రాసుకోవడమేమిటే?"

"రెండోవైపుతో పోల్చి చూసుకోవాలి కదా. మందు రాయని చోటు వదలకపోతే అది పరీక్షే కాదని నువ్వే చెప్పావుగా!"

అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అంది. పిల్లని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు లైటు వేసి కన్ను తిప్పి తిప్పి చూస్తున్నంతసేపూ నేను పిల్ల భుజం వదల్లేదు.

"కంటికి భయం లేదండీ" అన్నాడు చివరికి.

"మరి మచ్చ?"

"ఇప్పుడే చెప్పలేను. పోవచ్చు, ఉండిపోనూవచ్చు. కొన్నాళ్ళు ఎండలోకి మాత్రం పంపకండి."

అంటే పరుగు కూడా పోయినట్టే. పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

డాక్టరు దానివైపు తిరిగాడు. "నీకెందుకమ్మా ఈ మందు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండీ" అంది. "మా అమ్మ చాలా చదువుకుంది. అంత చదువుకున్న మనిషి రోజూ పొద్దున్నే లేచి దీనికోసమే పరుగెత్తుతోందంటే నా రంగులో ఏదో తప్పు ఉండే ఉంటుంది అనుకున్నా" అంది.

డాక్టరు నావైపు చూడలేదు. తల వంచుకుని మందులు రాసుకుంటూ పోయాడు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. దీన్ని నల్లపిల్ల అన్నవాళ్ళ మీదికి ఇంతెత్తున లేచేదాన్ని నేను. ఒక్కర్నీ ఊరికే వదిలిపెట్టలేదు. సిగ్గుతో, దుఃఖంతో కళ్ళు కారిపోతున్నాయి.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవకమ్మా. కుడివైపు బాగానే ఉందిగా."